బాల్ దాటింది

మా ఆయన హాకీ ఆడుతుంటే నేను ఒక్కసారి కూడా చూడలేదు. విన్నాను. కాపురం చేసినన్నాళ్లూ విన్నాను.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో మేం కిరాయికి ఉన్న గది కింద ఒక ఇరానీ హోటల్ ఉండేది. చెక్క పలకలు పరిచిన మా వసారాకు సరిగ్గా కింద, రోడ్డు వైపు ఒక చలువరాతి బల్ల. అది హాకీ పిచ్చివాళ్ల బల్ల. సాయంత్రం కాగానే వచ్చి చేరేవారు. ముప్పావు కప్పు పౌనా చాయ్ ముందు పెట్టుకుని జట్టులో ఎవరుండాలి, ఎవరిని తీసెయ్యాలి, ఈ ఏడు కప్పు వస్తుందా రాదా అని ఒకటే రచ్చ. ఆ మాటలన్నీ వసారా పలకల సందుల్లోంచి నా వంటింట్లోకి వచ్చేవి. చెవులు మూసుకుని వంట చేయలేం కదా.

మా ఆయన ఆఫీసులో పేరుకే గుమాస్తా. అప్పట్లో హైదరాబాదులో పెద్ద పెద్ద ఆఫీసులకు హాకీ జట్లు ఉండేవి, బాగా ఆడేవాళ్లను వెతికి తెచ్చి నౌకరీ ఇచ్చేవారు. ఆయన మెదక్ వైపు మిషన్ బడిలో స్టిక్కు పట్టిన మనిషి. జట్టులో రైట్ బ్యాక్. గోల్ కాసే గోలీకి ముందు నిలబడి, అవతలివాళ్లు తెచ్చే బంతిని ఆపడం ఆయన పని. ఆపినంతకాలం నౌకరీ. ఆపలేకపోతే ఏమిటన్నది ఆఫీసులో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేనూ ఆ వైపు పిల్లనే. మా నాన్న ఊళ్లు తిరిగి వాక్యం చెప్పేవారు. పెళ్లై నాంపల్లికి వచ్చిన కొత్తలో నాకు హాకీ అంటే ఏమిటో తెలియదు. ఒక సాయంత్రం ఆయన ఫతే మైదానంలో ఆడుతున్నారు. నేను రొట్టెల పిండి కలుపుతున్నాను. కింద ఒక్కసారిగా గోల మొదలైంది.

"పోయిండు! మన రైట్ బ్యాక్ పోయిండు! నేను పొద్దున్నే చెప్పిన, గీయన ఇయ్యాల పోతడని!"

పిండి చేతులతో, చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి, ఆడమనిషి అడుగుపెట్టని ఆ హోటల్లోకి వెళ్లిపడ్డాను.

"ఎట్ల పోయిండు? ఏడున్నడు? ఎవరు తెస్తున్రు?" అని ఏడుస్తూ అరిచాను.

బల్ల దగ్గర నోట్లో చాయ్‌తో ఒక పెద్దమనిషి నిలబడిపోయాడు. అబిడ్స్‌లో సూట్లు కుట్టే టైలరు. అంతసేపూ అరిచింది ఆయనే. జట్టుకు కోట్లు కుట్టేదీ ఆయనే, జట్టును అందరికంటే ఎక్కువగా తిట్టేదీ ఆయనే.

"ఏడున్నడేంది బిడ్డా? ఆట అయిపోయింది, చూసి మేమిప్పుడే వచ్చినం, ఆయన గూడ వస్తుండొచ్చు."

"పోయిండన్నవు గద!"

పక్కన ఉన్న ఇంకొకాయన, ఏదో బడిలో డ్రాయింగు మాస్టరు, నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటూ విడమరిచి చెప్పాడు. అవతలి ఆటగాడు ఇటు వస్తున్నట్టు చేసి అటు దూసుకుపోతే, బ్యాక్ మోసపోయి తప్పు దిక్కుకు వెళ్లిపోతాడు. దాన్నే వాళ్లు 'పోయిండు' అంటారు. ఆయన చెబుతూ ఉండగానే మా ఆయన స్టిక్కు భుజాన వేసుకుని, మోకాళ్లకు మట్టితో గుమ్మంలోకి వచ్చారు. నన్ను అక్కడ చూసి ఆయన ముఖం తెల్లబోయింది. హోటలంతా పగలబడి నవ్వింది. టైలరు మాత్రం నవ్వలేదు. నా చేతుల పిండి వైపే చూస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం ఆయన గొంతు పలకల సందులోంచి వినిపించింది. "ఇనుండ్రి. ఇగ మీద ఆయన గురించి గా మాట ఈ బల్ల కాడ ఎవ్వరు అనొద్దు. పైన పిల్ల ఉన్నది. బాల్ దాటింది అనుండ్రి. ఒట్టు."

అప్పటినుంచి మిగతావాళ్లందరూ 'పోయేవాళ్లు'. లెఫ్ట్ బ్యాక్ పోయిండు, బ్యాకుల ముందుండే హాఫ్ పోయిండు, గోలీ కూడా పోయిండు. మా ఆయన్ను మాత్రం బాల్ దాటేది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు ఈ తేడా అర్థమయ్యేది కాదు. ఎవరైనా నోరు జారితే వాడు అందరికీ చాయ్ తాపించాలి.

ఆ మర్యాద మాట వరకే, తిట్టడంలో ఏ తగ్గింపూ లేదు. ప్రతి సీజన్ మొదట్లో డ్రాయింగు మాస్టరు బల్లమీద జట్టును పేర్చేవాడు. నేను సందులోంచి చూసేదాన్ని. చక్కెర డబ్బా గోలీ. దాని ముందు రెండు సాసర్లు బ్యాకులు. కప్పులు, చెంచాలు, అగ్గిపెట్టెలు మిగతావాళ్లు. అంచు విరిగిన సాసరు మా ఆయన. మాస్టరు దాన్ని పెట్టగానే టైలరు వేలితో పక్కకు నెట్టేవాడు.

"గీయన్ను పెడితే కప్పు ఆశ వదులుకోవాలె. కొట్టుడు మంచిగనే కొడ్తడు, తిరుగుడే తిరగడు. గాయన మల్లేటాలకు అవతలోడు గోల్ కొట్టి చాయ్ తాగి పోతడు."

"అయితే ఎవర్ని పెడ్తవు? నీ కుట్టు మిషన్‌నా?" అనేవాడు మాస్టరు, సాసరును మళ్లీ లోపలికి లాగుతూ.

అలా ఆ సాసరు గంటల తరబడి లోపలికీ బయటికీ పోయేది. పైన నా కడుపు మండిపోయేది. ఆయన వచ్చి కాళ్లు కడుక్కుని మొదట అడిగే మాట ఒకటే. "కిందోళ్లు ఏమన్నరు?"

"మీరుంటే ఇగ గోలీయే అక్కర లేదన్నరు."

"ఎవరు? టైలరా?"

"ఆయనే."

ఆయన పడీపడీ నవ్వేవారు. టైలరు పుట్టినప్పటినుంచి బతికున్న ఆటగాణ్ణి ఒక్కణ్ణి కూడా మెచ్చుకోలేదని ఊరందరికీ తెలుసు. నాకు అబద్ధం చెప్పడం రాదని ఆయనకు తెలుసు. అయినా రోజూ అడిగేవారు, రోజూ చెప్పించుకునేవారు. జట్టు ఫైనల్‌కు వస్తే నన్ను టాంగాలో మైదానం దాకా తీసుకుపోయి, టాంగాలోనే కూర్చోబెట్టి ఆట చూపిస్తానని మాటిచ్చారు. ఆయన ఆడినన్నాళ్లూ జట్టు ఫైనల్‌కు రాలేదు. దానికి కారణం మా ఆయనేనని టైలరు, సెంటర్ హాఫ్ అని మాస్టరు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఒక ఏడు ఆయన నిజంగానే మందగించారు. కిందివాళ్లు అది ఇట్టే పట్టేశారు. "పెళ్లయినంక మనిషి బరువెక్కిండు. ఇంట్ల బాగ తినవెడ్తున్నట్టున్నరు" అన్నాడు టైలరు. తినబెట్టడమా! చేసిన అన్నం సగం గిన్నెలోనే ఉండిపోయేది. తెల్లవారుజామున దగ్గు. ఆయన కోటు భుజాల మీద నిలవకుండా జారుతుంటే, దాన్ని బిగించి కుట్టించుకు రమ్మని నేనే ఆయన్ను అబిడ్స్‌కు, టైలరు దగ్గరికి పంపించాను.

ఆ సాయంత్రం బల్ల దగ్గర టైలరు గొంతు వేరుగా ఉంది. నెమ్మదిగా, "రైట్ బ్యాక్‌కు ఈ సీజన్ ఆరామ్ ఇయ్యాలె. జట్టుల పెట్టొద్దు" అన్నాడు. వేలితో నెట్టకుండా, ఆ సాసరును చేత్తో ఎత్తి పక్క బల్లమీద పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ముఖం మీద మెచ్చుకోకపోతే పోనీ, తిండిగింజల మీద కొడతాడా అనుకున్నాను. బియ్యం కడిగిన నీళ్ల గిన్నె అందుకుని పలకల సందులో గుమ్మరించాను. టైలరు టోపీ మీద, చాయ్‌లో, అంతటా పడ్డాయి. ఆయన పైకి చూడనైనా చూడకుండా రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. నీళ్లు పోసినందుకు నాకు ఈనాటికీ సిగ్గు లేదు. కానీ కోటు బిగించడానికి టేపు చుట్టినప్పుడు ఆ మనిషి చేతులకు ఏం తెలిసిందో, నాకు దవాఖానలో డాక్టరు చెప్పేదాకా తెలియలేదు. క్షయ అన్నాడు డాక్టరు. రెండు ఊపిరితిత్తులూ అన్నాడు.

జట్టులోంచి తీసేశారు. ఆఫీసువాళ్లు సెలవు ఇచ్చారు, ఎన్నాళ్లకో చెప్పలేదు. మంచం వసారా పక్కకు జరిపాను, గాలి తగులుతుందని. ఆయనకు కావలసింది గాలి కాదని నాకు తెలుసు. కొత్త రైట్ బ్యాక్ ఎవరో కుర్రవాడు వచ్చాడు. ఆ ఏడే జట్టు ఫైనల్‌కు వెళ్లింది. రోడ్డంతా టాంగాలు మైదానం వైపు పరుగెత్తాయి. మేమిద్దరం గోడవైపు తిరిగి కూర్చున్నాం. ఓడిపోయారు. ఓడిపోయినందుకు సంతోషించాను, దేవుడు క్షమించాలి.

ఆ తర్వాత కిందివాళ్లు గొంతులు తగ్గించుకున్నారు. బ్యాకుల ప్రస్తావన రాగానే బల్ల నిశ్శబ్దమయ్యేది. ఎవరో దగ్గేవారు, ఎవరో యుద్ధం సంగతి ఎత్తేవారు. రోగిష్టి మనిషి పైన ఉన్నాడని వాళ్ల మర్యాద. ఆ మర్యాదే ఆయన్ను చంపుతోంది.

"కిందోళ్లు ఏమన్నరు?" అని అడిగారు ఒక సాయంత్రం.

"మీ అసొంటి బ్యాక్ ఇగ పుట్టడన్నరు."

"టైలరా?"

"ఔ."

ఈసారి నవ్వలేదు. "ఇయ్యాల నిజమే చెప్పినట్టున్నవు, కింద తిట్టుడు ఇనొస్తలేదు" అన్నారు. "గట్లయితే నా పని అయిపోయినట్టే. బతికున్నోన్ని టైలర్ మెచ్చుకోడు."

నేను లేచి మెట్లు దిగాను. పెళ్లయ్యాక ఆ హోటల్లోకి వెళ్లడం అది రెండోసారి. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. గల్లా దగ్గరున్న ఇరానీ సేఠ్ కూడా లేచాడు.

"ఏందిది? సచ్చినోని ఇంటి ముందు కూసున్నట్టు కూసుంటున్రు రోజు?" అన్నాను. "ఆయన్ని తిట్టుండ్రి. పైకి ఇనబడేటట్టు తిట్టుండ్రి."

"బీమారున్న మనిషిని ఎట్ల తిట్టాలె బిడ్డా?" అన్నాడు టైలరు.

"ఎప్పట్లెక్కనే."

ఆయన సేఠ్ వైపు చేయి చాపాడు. సేఠ్ లోపలికి వెళ్లి ఆ అంచు విరిగిన సాసరును వెతికి తెచ్చాడు. నేను ఇంకా మెట్లెక్కుతుండగానే మొదలైంది.

"వచ్చే సీజన్‌కు మల్ల గా మెదక్ ఆయన్నే పెడ్తరా? సిగ్గుండాలె! తిరుగుడు రాదు, మలుగుడు రాదు! ఎద్దు బండన్న జల్ది మల్తది!"

పైకి వచ్చేసరికి మా ఆయన మోచేతి మీద లేచి కూర్చున్నారు. కళ్లలో నీళ్లు, నోటినిండా నవ్వు. నవ్వితే దగ్గు, దగ్గుతూనే మళ్లీ నవ్వు.

ఆ వానకాలమంతా తిట్టారు. అంత ప్రేమగా ఎవరినైనా తిట్టగా నేను మళ్లీ వినలేదు. ఎప్పటివో ఆటలు తవ్వి తీసి, ఆయన వదిలేసిన ప్రతి బంతికీ లెక్క అడిగారు. ఆయన మంచంలోంచి ఆవేశపడేవారు. "చెప్పు వాళ్లకు, గా గోల్ నాది కాదు. హాఫ్ వెనకకు రాలే!" నేను వసారాలోంచి వంగి కేకేసేదాన్ని, "హాఫ్ వెనకకు రాలేదంట!" కింద ఇంకో గంట గొడవ. వచ్చే సీజన్‌కు ఆయన్ను తీసుకోవాలా వద్దా అన్నది ఎన్నటికీ తేలనివ్వలేదు వాళ్లు. సాసరు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. ఆ రోజుల్లో నాకూ నమ్మకం కుదిరింది. వానలు తగ్గాక లేచి ఆడతారేమో అనుకున్నాను. తిట్టేవాళ్లు అంత గట్టిగా తిడుతుంటే మనిషి ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

వానలు తగ్గకముందే రక్తం పడింది. ఊరి బయట దవాఖానకు తీసుకువెళ్లారు. రోజూ పొద్దున వెళ్లి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి, రాగి జావ కాచి మళ్లీ తీసుకువెళ్లేదాన్ని. కిందివాళ్లు కూడా వంతులేసుకుని వెళ్లి, మంచం పక్కన నిలబడి ఆయన్ను తిట్టి వచ్చేవారు.

ఆ రోజు జావ కాస్తున్నాను. బల్ల దగ్గర చప్పుడు లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వచ్చింది. అంతకుముందు వాళ్లెవరూ ఆ మెట్లెక్కి ఎరగరు. గుమ్మంలో టైలరు, వెనక మాస్టరు, ఆ వెనక సేఠ్. టైలరు టోపీ చేతిలో ఉంది.

"ఏమన్నరు డాక్టర్లు?" అన్నాను.

రోడ్డు అవతలికి వినబడే ఆ గొంతుతో నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"బిడ్డా... బాల్ దాటింది."

నాకు అర్థం కాలేదని చెప్పను. వెంటనే అర్థమైంది. అయినా ఆయన మీద విరుచుకుపడ్డాను. "సక్కగ చెప్పు! గా మాట నోటితోని చెప్పు!" అని గరిటె విసిరేశాను.

"నేననలేను బిడ్డా" అన్నాడు. "ఒట్టు పెట్టుకున్నం." పై మెట్టు మీదే కూలబడి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. జావ పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఎవరైనా మీ ఆయనేడీ అని అడిగితే నేనూ ఆ మాటే చెబుతాను, బాల్ దాటిందని. వాళ్లు నా ముఖంలోకి అయోమయంగా చూస్తారు. వాళ్లకు విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.