సుత్తికి వంగని ఇంగ్లండు కారు

మైలవరం రోడ్డు మీద ఇంగ్లండు కారును గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో నడిపిన మనిషిని ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. కొండపల్లి దగ్గర రైలును దాటేశాను. ఇంజను డ్రైవరు నాకు చెయ్యి కూడా ఊపాడు. ఆటోనగర్ టీకొట్టులో ఈ కథ చెప్పిన ప్రతిసారీ వేగం మరో పది కిలోమీటర్లు పెరిగేది.

నిజానికి నేను ఆ కారును నడిపింది మా షెడ్డు గుమ్మం నుంచి లోపలి గోడ దాకా. అదీ ఇంజను ఆపి, నలుగురు వెనక నుంచి నెడుతుంటే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కైకలూరు వైపు రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన దాన్ని బొంబాయిలో కొని తెచ్చాడు. ఆ కంపెనీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే చేసిందట. ఇంకొన్ని చేసి ఉంటే ఇంకొంతమంది ఏడ్చేవాళ్లు.

"మూడు సెకన్లలో వంద అందుకుంటుందండీ" అన్నాడాయన. బెంజ్ సర్కిల్‌లో రిక్షా వెనక ముప్పావుగంట నిలబడి వచ్చిన మనిషి అన్న మాట అది. అందులో ఇద్దరే కూర్చోవాలి, వాళ్లూ కాళ్లు బార్లా చాపుకుని. డిక్కీలో బియ్యం బస్తా పట్టదు. పొట్ట నేలకు జానెడు ఎత్తున కూడా లేదు. ఇక మా రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లంటే ఎవరి ఇంటిముందు వాళ్లు పోసుకున్న మట్టిగట్లు. ప్రతిదానికీ కారు ముందు బంపరు కింది పెదవి గీసుకునేది. దాన్ని రెండు వేళ్ల మేర పైకి మడవాలని ఆయన కోరిక.

నేను లారీ మెకానిక్కుని. రేకు పని పక్క షెడ్డు భాయ్‌ది. నుజ్జయిన తలుపును అతను సరిచేస్తే రంగులవాడికి పెద్దగా పని మిగిలేది కాదు. గుంటూరు నుంచి కూడా కార్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవి. అతను కింద పడుకుని ఆ పెదవిని వేలితో తట్టి చూశాడు.

"ఇది రేకు కాదన్నా. మోత వేరేగా ఉంది. నేను ముట్టుకోను."

ఆసామి నా వంక చూశాడు. "ఏవండీ, ఈ బండ్లు మీకు తెలుసన్నారుగా?"

"మద్రాసులో ఇలాంటివి నాలుగు చేయించానండీ" అన్నాను. ఒక్కదాన్ని కూడా కళ్లతో చూడలేదు. ఆయన టీ తాగడానికి బయటికెళ్లగానే భాయ్ వైపు తిరిగాను. "గ్యాస్ మంట చూపించి కొట్టు భాయ్. వంగక ఎక్కడికి పోద్ది?"

"పూచీ మీదేనా?" అన్నాడు భాయ్.

"నాదే. కానివ్వు."

మా దగ్గర లారీ ఛాసిస్ నుంచి ట్రాక్టర్ మడ్‌గార్డు దాకా అన్నిటికీ ఒకటే వైద్యం, మంటా సుత్తీ. అది కార్బన్ నారను జిగురుతో అచ్చుపోసిన సరుకని మాకెవరికీ తెలియదు. మంట తగలగానే ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టింది. సుత్తి ఒక్కసారి పడింది. అంత గొప్ప కారు పెదవీ అప్పడంలా విరిగింది.

"ఎవరు కొట్టమన్నారయ్యా నిన్ను?" అని అరుస్తూ లోపలికొచ్చాడు ఆసామి.

భాయ్ నా వైపు చూశాడు. నేను టైరులో గాలి ఎంతుందో నొక్కి చూస్తున్నాను.

ఆసామి ఊరూరా భాయ్ పేరు చెప్పి తిట్టాడు. ఏడాది తిరిగేసరికి అతని షెడ్డుకు కార్లు రావడం మానేశాయి. అంత చెయ్యి తిరిగినవాడు లారీ టూల్‌బాక్సులకు మూతలు బిగిస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం టీకొట్టులో రైళ్లను దాటేస్తూనే ఉన్నాను.

ఒకరోజు భాయ్ వింటుండగానే జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అందరూ నవ్వారు.

"ఇదేదో కొత్త కథ కట్టారే బాబాయ్" అన్నాడు టీకొట్టాయన.

భాయ్ నవ్వలేదు. "ఇక్కడ చెప్తే నాకేం ఒరుగుద్దన్నా? బస్సెక్కి పోయి ఆయనకి చెప్పండి."

"రేపే పోతాను" అన్నాను.

ఆ మాట అని చాలా ఏళ్లయింది. కైకలూరు రెండు గంటల దారి. పొద్దున్నే బస్సులున్నాయి. ఇంకా వెళ్లలేదు.