చెప్పుతో చేసిన ఎలుక

ఆ రోజుల్లో, అంటే నేను కువైట్‌కు కొత్తగా వచ్చి ఇంకా ముప్పై నిండని రోజుల్లో, ప్రపంచంలో ప్రతి వస్తువుకూ ఒక కొలత ఉంటుందనీ, ఆ కొలత తెలిస్తే చాలు, వస్తువు మన గుప్పిట్లోకి వచ్చినట్టేననీ గట్టిగా నమ్మేవాణ్ణి. పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పినవాడికి ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందని అడగకండి. తప్పాను కాబట్టే వచ్చింది. ఆ కసితో మా ఊరి రైసుమిల్లులో పనిచేస్తూ నాకు నేనే లెక్కలు నేర్చుకున్నాను. కుప్పను చూసి బస్తాలు చెప్పేవాణ్ణి, బస్తాను భుజాన వేసుకుని తూకం చెప్పేవాణ్ణి. (ఒకసారి మేనత్త కూతురి పెళ్లిలో పంక్తిని చూసి అన్నం ఎంత పడుతుందో కూడా చెప్పాను. ఆ రోజు ఆఖరి పంక్తిలో కూర్చున్న బంధువులు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.)

అలాంటివాణ్ణి కువైట్‌లోని దజీజ్‌లో బియ్యం, పప్పులు నిలవ చేసే ఒక గోదాములో స్టోర్‌కీపరుగా కుదిరాను. యజమాని పెద్దవయసు కువైటీ. మేమందరం ఆయన్ను బాబా అనేవాళ్లం. ఆయన నన్ను 'ముహందిస్' అని పిలిచేవాడు, అంటే ఇంజనీరు. మొదట్లో అది పొగడ్త అనుకుని ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పాను. గోదాము బండి నడిపే చాచాది రాయచోటి. నా తండ్రి వయసు, నా గదిలోనే ఉండేవాడు. పొగడ్త కాదని విడమరిచి చెప్పినవాడు ఆయనే. "ప్రతిదానికీ లెక్క చెప్తాండావని ఎగతాళికి అంటాండాడబ్బీ. నువ్వేమో ఊర్లో టాంటాం ఏపిస్తివి."

గోదాములో నా అసలు కీర్తి వేరే ఉంది. నేను చేరినప్పటి నుంచి అక్కడ ఒక్క ఎలుక కనబడలేదు. తలుపుల కింద రేకులు కొట్టించాను, గోడకూ బస్తాలకూ మధ్య జానెడు ఖాళీ వదిలించాను, ఎలుక ఎంత సందులో దూరుతుందో బొటనవేలు పెట్టి కొలిచి అన్ని సందులూ పూడ్చాను. పొరపాటున ఏదైనా కనబడితే ఏం చేయాలో కూడా ఒక పద్ధతి రాసిపెట్టుకున్నాను. ముందు చంపాలి, తర్వాత బ్లీచింగు నీళ్ల బకెట్లో ముంచాలి, చంపడానికి వాడిన వస్తువును కూడా అందులోనే వేయాలి, ఆ తర్వాత చేటలో పెట్టి యజమానికి చూపించాలి. తనిఖీకి వచ్చే మునిసిపాలిటీవాళ్లు ఒక్క ఎలుకను చూస్తే చాలు, గోదాముకు తాళం పడుతుంది. ఆ భయంలోంచి పుట్టిన పద్ధతి అది.

ఇక బాబా సంగతి. ఆయన ఏటా ఎండాకాలం ఉత్తరాన ఏదో చలిదేశానికి పోయి నెలరోజులు ఉండి వచ్చేవాడు. వ్యాపారం పనేమో అనుకునేవాణ్ణి. ఒకరోజు తన ఫోనులో వీడియో చూపించాడు. మునిమాపు వేళ, నల్లటి నది. ఒక చిన్న ఎలుక నీటి మీద గీత గీసుకుంటూ ఈదుతోంది. ఉన్నట్టుండి నీళ్లు పగిలాయి. ఎలుక లేదు. బాబా చెప్పాడు, ఆ చేప పేరు ట్రౌట్ అని. చిన్నప్పుడు పురుగులు తిని బతికే ఆ చేప, బాగా పెద్దదయ్యాక, చీకటి పడగానే నది దాటే ఎలుకల కోసం కాచుకుని ఉంటుందట. అందుకని జింక వెంట్రుకలతో అచ్చం ఎలుకలాంటిది కట్టి, లోపల గాలపు కొక్కెం పెట్టి, సన్నటి కర్రతో విసిరి, నీటి మీద మెల్లగా లాగుతారట. నడుములోతు చల్లటి నీళ్లలో నిలబడి, గంటల తరబడి. నేను వీడియోను ఆపించి, చేప నోరు ఎంత, ఎలుక పొట్ట ఎంత అని వేలితో కొలిచి, ఇది జరిగే పని కాదని తేల్చాను. బాబా కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "జరిగింది కదా, ముహందిస్, ఇప్పుడే చూశావు కదా" అన్నాడు. వీడియోలో ఏదో మోసం ఉందని నా గట్టి అభిప్రాయం.

ఆ ఏడు బాబాకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. విమానం ఎక్కకూడదు, నదిలో దిగకూడదు. ఇకముందు కూడా ఎప్పటికీ దిగకూడదు. ఆయన మాకేమీ చెప్పలేదు. కానీ ఒక వారం గోదాము వెనక, ఖర్జూరాలూ జున్నూ పెట్టే చల్లగది ఖాళీ చేయించాడు. లారీ అంత పొడవున్న ప్లాస్టిక్ తొట్టి వచ్చింది, నీళ్లను చల్లబరిచే యంత్రం వచ్చింది, చివరికి విమానంలో, ఐసు పెట్టెలో, మూడు ట్రౌట్ చేపలు వచ్చాయి. వాటిలో ఒకటే బతికింది. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉండేది. ఒంటి నిండా నల్లచుక్కలు, పక్కన సంధ్యవేళ ఆకాశంలాంటి ఒక ఎర్రటి చార. బయట ఆగస్టు నెల, రోడ్డు మీద తారు మెత్తబడుతున్న ఎండ. లోపల మేం జాకెట్లు వేసుకుని, పొగలు కక్కే నోళ్లతో, ఆ చేపను చూస్తూ నిలబడేవాళ్లం. "జల్మంటే దీనిదబ్బీ" అన్నాడు చాచా. "నన్నిట్లాంటి గదిలో పండబెడితే రెండేండ్లు ఊరికి పోయే మాటెత్తను. అయినా ఇంత చేప పులుసుకి చింతపండు ఎంత పడతాదో నువ్వే లెక్కగట్టు." నేను మనసులో కట్టాను కూడా.

కానీ చేప ఏమీ తినడం లేదు. గింజల మేత వేస్తే అడుక్కు పోయేది, రొయ్య వేస్తే ముఖం తిప్పుకునేది. తొట్టి అడుగున ఒక మూల కదలకుండా ఉండేది. బాబా మాత్రం, అది ఎలుకకు లేస్తుంది, శుక్రవారం చూద్దాం అన్నాడు. ఆదివారం ఆయన్ను ఆసుపత్రిలో చేర్చుకుంటారు. అలా కట్టిన ఎలుకలు ఎగైలాలోని ఆయన ఇంట్లో ఒక పెట్టె నిండా ఉండేవట. పనిమనిషి అక్క ఆ పెట్టె ఉన్న గదిలో కాలు పెట్టనని మామాతో, అంటే బాబా భార్యతో, తెగేసి చెప్పిందట. ఆవిడ పెట్టెను ఎత్తి బయట పారేయించింది. ఒక్క ఎలుకను మాత్రం బాబా జేబులో వేసుకుని గోదాముకు తెచ్చుకున్నాడు. అది ఆ నది ఒడ్డున ఉండే పాత స్నేహితుడు స్వయంగా కట్టిచ్చినది. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందు తెలిసి ఉంటే ఈ కథే లేదు.

గురువారం పొద్దున చల్లగది తలుపు పక్కన బాస్మతి బస్తా మీద ఎలుక కనబడింది. బాబా దాని వెంట్రుకలు దువ్వి, అక్కడ పెట్టి, ఫోను మాట్లాడటానికి బయటికి పోయాడు. నాకేం తెలుసు. నా గోదాములో, నా బస్తా మీద, పట్టపగలు, తోక వేలాడేసుకుని కూర్చుంది. నీలిపట్టీల హవాయి చెప్పు తీసి మూడు దెబ్బలు వేశాను. తర్వాత నా పద్ధతి ప్రకారం బ్లీచింగు నీళ్లలో ముంచాను, చెప్పును కూడా అదే బకెట్లో వేశాను. తీసి చూస్తే సగం వెంట్రుకలు ఊడిపోయి పొట్టలోంచి ఏదో ఇనుప ముక్క మెరుస్తోంది. పాపం, ఎక్కడో సూది మింగి ఉంటుందనుకున్నాను. చేటలో పెట్టుకుని, ఒక కాలికి చెప్పుతో, మరో కాలికి చెప్పు లేకుండా, బాబా ముందు నిలబడ్డాను.

"బాబా, ఫార్. ఖలాస్" అన్నాను. నా అరబ్బీలో ఎలుక చచ్చిందని చెప్పడానికి అంతకు మించి మాటలు లేవు.

ఆయన చేటలోకి వంగి చూశాడు. "ఎన్ని దెబ్బలు?" అన్నాడు హిందీలో.

"మూడు, బాబా."

"ఒక దెబ్బకు చావలేదా?"

"తోక ఊగుతూనే ఉంది, బాబా" అన్నాను వినయంగా.

వెనక చాచా గోడ వైపు తిరిగి భుజాలు కుదుపుతున్నాడు. బాబా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బస్తా మీద కూర్చుని ఆ తడి ముద్దను అరచేతిలో పెట్టుకుని, ఇనుప ముక్కను వేలితో తడిమి నాకు చూపించాడు. కొక్కెం. చేప జారిపోకుండా పట్టే దాని ముల్లు ఎప్పుడో విరిచేసి ఉంది. "ముల్లు నేనే తీసేశాను. చేపను పట్టడానికి కాదు. అది ఎలుకను అందుకునేటప్పుడు ఒక శబ్దం వస్తుంది. ఆసుపత్రికి పోయే ముందు ఒక్కసారి వినాలనుకున్నాను" అన్నాడు. లేచి మెల్లగా కారు వైపు నడిచాడు. అప్పటిదాకా నేను ఆయన్ను ముసలివాడని అనుకోలేదు. ఆ నడక చూసి అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కాదు (అది కూడా కొంచెం ఉంది). ఒక మనిషి వినాలనుకున్న శబ్దాన్ని నేను మూడు దెబ్బల్లో చంపేశాను. బకెట్ దగ్గర కూర్చుని ఉంటే చాచా వచ్చి అందులోకి తొంగిచూశాడు. "జింక బొచ్చంతా అడుక్కు పాయ. నీ చెప్పు మాత్రం తేల్తానే ఉంది జూడు. కొట్టిన చెప్పుకేమో సావు ల్యా."

ఆయన ఎగతాళికే అన్నాడు. నేను చెప్పును నీళ్లలో నొక్కాను. పైకి తన్నుకుంటూ లేచింది. మళ్లీ నొక్కాను, మళ్లీ లేచింది. గోనె సంచులు కోసే కత్తి తెచ్చి మడమ దగ్గర నుంచి ఎలుక పొట్టంత ముక్క కోశాను.

వెంట్రుకలకు ఎంతో ఆలోచించాల్సిన పని లేకపోయింది. గోదాములో నేను రోజూ చూసే ఎలుకరంగు వస్తువు ఒకటే, గోనె సంచి. దాని పీచును చిక్కు తీసి, పొరలు పొరలుగా కట్టి కత్తిరించాను. సంచి మూతి కుట్టే పురికొస తోక అయింది. ముద్దలోంచి తీసిన కొక్కేన్ని పొట్టకు కట్టాను. బరువు, వెడల్పు, మందం అన్నీ లెక్క వేసుకుని బకెట్లో వదిలాను. నిదానంగా వెల్లకిలా తిరిగి, కాళ్లు లేని పొట్టను ఆకాశానికి చూపించింది. "ఇంగా సచ్చే ఉందబ్బీ" అన్నాడు చాచా. తర్వాత ఆయనే తన పెద్ద వేళ్లతో కొక్కేన్ని అడుగుకు తిప్పి పట్టుకుంటే, నేను దారం చుట్టాను. అలా ఇద్దరం సాయంత్రం దాకా కూర్చుని కట్టిన మూడో ఎలుక, మూతి కొంచెం పైకెత్తి, నిజంగా ఎక్కడికో పోవాల్సిన పని ఉన్నట్టు తేలింది.

శుక్రవారం గోదాముకు సెలవు. జుమా నమాజు అయ్యాక బాబా, చాచా కలిసి మసీదు నుంచి వచ్చారు. చాచా ఏం చెప్పి తీసుకొచ్చాడో తెలియదు. నేను ఎలుకను రెండు చేతులతో అందించాను. బాబా అటూ ఇటూ తిప్పాడు, మడమ ముక్క మీద మిగిలిన చెప్పు గీతలు చూశాడు, నా కాళ్ల వైపు చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "బాస్మతి" అన్నాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఎండ నడినెత్తిన ఉంది. ఆ ఎలుకకేమో చీకటి కావాలి. బాబా దాన్ని తన గాలపు కర్ర దారానికి కట్టాడు. చల్లగది తలుపు మూసి, దీపాలు ఆర్పేశాం. మోటారు ఆపేశాం. యంత్రానికి ఒక చిన్న ఆకుపచ్చ దీపం ఉండిపోతే చాచా నమాజు టోపీ తీసి దాని మీద బోర్లించాడు. అప్పుడు చీకటి పూర్తయింది. కువైట్‌లో నేను అంతటి చీకటి చూడలేదు. బయట లారీలు, ఎండ, దుమ్ము అన్నీ ఎక్కడికో వెళ్లిపోయాయి. చల్లటి నీటి వాసన, బాబా ఊపిరి, తొట్టి అంచు మీద నా చేతులు, అంతే మిగిలాయి. దారం మెల్లగా గాలిని కోసింది. ఎలుక నీటి మీద పడిన చిన్న చప్పుడు. "షువే, షువే" అని తనకు తానే చెప్పుకుంటూ బాబా లాగుతున్నాడు. మెల్లగా, మెల్లగా అని. ఎలుక ఈదుతున్న సన్నటి సర్రుమనే శబ్దం ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. ఏమీ లేదు. మళ్లీ విసిరాడు. మళ్లీ పోయింది. ఏమీ లేదు. చేప అప్పటికే చచ్చిపోయిందేమో అనిపించింది. బాబా చేయి అలసిపోతున్నట్టు దారం శబ్దంలోనే తెలుస్తోంది. ఇంకొక్కసారి విసిరాడు. సర్రుమంటూ పోతున్న శబ్దం తొట్టి మధ్యకు వచ్చింది.

అప్పుడు నీళ్లు లేచాయి. అది చేప ఎగిరిన చప్పుడు కాదు. నీళ్లలో ఎక్కడో ఒక బరువైన తలుపు తెరుచుకుని, ఎలుకను లోపలికి తీసుకుని, మళ్లీ మూసుకున్నట్టు ఉంది. ఆ శబ్దం చెవులకు కాదు, ముందు పొట్టకు తగిలింది. చల్లటి నీళ్లు మా ముగ్గురి ముఖాల మీద పడ్డాయి. ఎవరమూ తుడుచుకోలేదు. తొట్టిలో అలలు అటూ ఇటూ కొట్టుకుని, చిన్నవై, ఆగిపోయాయి. నోటి కొలత, పొట్ట కొలత, నేను వేలితో కొలిచి తేల్చినవన్నీ ఆ చీకట్లో ఎక్కడ పడిపోయాయో వెతుక్కోవాలని కూడా అనిపించలేదు.

"విన్నావా, ముహందిస్?" అన్నాడు బాబా. ఈసారి ఆ మాటలో ఎగతాళి లేదు.

దీపం వేశాక చూస్తే, ముల్లు లేని కొక్కెం కదా, ఎలుక నీటి మీద తేలుతోంది. చెప్పు ముక్క మీద వరసగా పళ్ల గాట్లు. చేప మూల వదిలి తొట్టి చుట్టూ తిరుగుతోంది. చాచా ఒక రొయ్య వేస్తే అది నీటికి తగలకముందే అందుకుంది. "ఎంత స్పీడబ్బీ అది?" అన్నాడు. నేను ఆయన చేతికి ఇంకో రొయ్య అందించాను.

ఆదివారం బాబా ఎలుకను తన పొడుగాటి అంగీ, దిష్‌దాషా జేబులో పెట్టుకునే ఆసుపత్రికి పోయాడు. బట్టలు మార్చేటప్పుడు అది మంచం మీద పడితే మలయాళీ నర్సు చెప్పు తీసిందట. ఆయన అడ్డం పడి కాపాడుకున్నాడట. ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత చాలా ఏళ్లు ఉన్నాడు, నదికి మాత్రం పోలేదు. చేప ఆ చలికాలమంతా రొయ్యలు తిని బతికింది. ఒక ఉదయం తేలి కనిపించినప్పుడు, ఎప్పుడూ పులుసు పులుసు అనే చాచా ఆ మాటే ఎత్తలేదు. గుడ్డలో చుట్టి, గోదాము వెనక ఇసుకలో గుంట తవ్వి పెట్టాడు.

ఇప్పుడు నేను కువైట్‌లోనే మంగఫ్‌లో ఉంటున్నాను. ఒక కంపెనీలో స్టాకు లెక్కలు చూస్తాను, తల సగం నెరిసింది. మొన్న సందు చివర దుకాణంలో హవాయి చెప్పులు కొనబోయి, నాకు తెలియకుండానే మడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తున్నాను, ఎలుకకు సరిపోయే మందం ఉందా అని. దుకాణం కుర్రాడు నా వైపు వింతగా చూసి, ఎంత సైజు కావాలని అడిగాడు. దేనికైనా అంకె చెప్పే ఈ పెద్దమనిషి, ఆ చెప్పును చేతిలో పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయాడు.