సీసా అడుగున మందు

టేకులపల్లి కంపౌండర్ గారు పోయారని మొన్న పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలు ఈ రోజు బతికి ఉందంటే ఆయన వల్లే.

మీలో కొందరైనా ఆయన కలిపిచ్చిన మిక్చర్ మందు తాగే ఉంటారు. దవాఖానాకు వచ్చిన పిల్లలందరినీ "మిక్చర్ అంటే ఏందిరా?" అని అడిగేవారు. సంతలో పొట్లం కట్టి అమ్మేదని నేనోసారి చెప్తే పడీపడీ నవ్వి, "అవ్, అదీ గదే మాట" అన్నారు. ఆయన సొరుగులో అట్ట ఊడిన డిక్షనరీ ఉండేది. ఆ మాట లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. అక్కడ 'మిక్స్‌డ్', అంటే 'కలిసిన' అనే మాట ముందొచ్చి, 'మిక్స్', అంటే 'కలుపు' అనేది దాన్నుంచి తర్వాత పుట్టిందట. మనుషులతో కలివిడిగా ఉండటానికీ, తికమక పడటానికీ కూడా ఇంగ్లీషువాళ్లు దాన్నే వాడతారట. "కలిసినదాన్ని గూడ మళ్ల కలపాలె, యాదుంచుకో" అంటూ, మన చేత సీసా ఊపించిగానీ పంపేవారు కాదు. జనం చాదస్తం అనుకునేవారు. అదెక్కడ మొదలైందో మా ఇంట్లో తెలుసు.

అప్పుడు చెల్లికి నాలుగేళ్లు. జ్వరానికి ఆయనిచ్చిన తెల్ల మందును, సీసాకు అంటించిన కాగితం గీతల ప్రకారం, పూటకో గీత చొప్పున అమ్మ మూడు రోజులు తాగించింది. పైనంతా నీళ్లలా తేటగా ఉండేది. ఆఖరి గీత మాత్రం సున్నంలా చిక్కగా మిగిలింది. అమ్మ దాన్ని చెంచాలో వంచి చెల్లి నోటి దగ్గర పెట్టింది.

"చెల్లె, ఆగు! తాపకు!"

వాకిట్లో సైకిల్ పడేసి, చెప్పులు విడిచి కంపౌండర్ గారు లోపలికి ఉరికారు. అమ్మను ఆయన 'చెల్లె' అనే పిలిచేవారు. చెంచాను చేత్తో కొట్టేశారు. చెల్లి నోరు తెరిచి చూశారు. "మింగిందా? నిజం చెప్పు, మింగిందా?"

"లేదన్నా." అమ్మ చెల్లిని దగ్గరికి లాక్కుంది. ఆ వెంటనే కోపం వచ్చింది. "ఏం కలిపినవ్ అండ్ల?"

"కలుపుడు సరిగ్గనే కలిపిన. తాపేముందు సీసా ఊపాలని చెప్పలే. సంతనాడు మంది ఎక్కువుండె, మర్చిన. ఘాటంతా అడుగున పేరుకున్నది. తప్పు నాదే చెల్లె."

ఆ పొద్దున ఎవరో అడుగున గడ్డకట్టిన మందుతో సీసా వాపసు తెచ్చాకగానీ ఆయనకు తట్టలేదట. నోరు మూసుకుని ఉంటే ఆయన తప్పు ఎవరికీ తెలిసేది కాదు.

"ఇదే మందు తీస్కపోయినోళ్లయి ఇంక నాలుగిండ్లున్నయ్, అడవి దిక్కు" అంటూ, చెప్పులు అక్కడే మర్చిపోయి, వట్టి కాళ్లతోనే సైకిల్ ఎక్కారు.

అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. చెల్లిని చంకనేసుకుని దారి చూస్తూనే ఉంది. పొద్దు వాలుతుండగా ఆయన సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు.

"అందరు బాగనే ఉన్నరు" అని అరుగు మీద కూలబడ్డారు.

అమ్మ పిన్నీసు తెచ్చి, కింద కూర్చుని, ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క ముల్లూ తీయడం మొదలుపెట్టింది.