అందరికీ సమానంగా ఆలస్యం

న్యాయం అనే మాటను మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నా ముందు గట్టిగా అనరు. పొరపాటున ఎవరైనా అంటే మా అత్త వంటింట్లోంచి దగ్గుతుంది, మా మరిది నవ్వాపుకోలేక వీధిలోకి పోతాడు. వేలూరుకీ గుడియాత్తానికీ మధ్య నేను ఎంత పక్కాగా న్యాయం జరిపించబోయానో, అది ఎంత పక్కాగా నా నెత్తి మీదే కూలిందో చెబుతాను. భయపడకండి, ఇందులో ఎవరికీ దెబ్బలు తగల్లేదు, నా పరువుకి తప్ప.

మా పుట్టిల్లు గుడియాత్తం. పెళ్లయి వేలూరు వచ్చాను. అక్కడ మా తమ్ముడు లోకేశ్, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. ఇక్కడ మా మరిది ప్రభు, మందుల షాపులో పని. బావా బావా అనుకుంటూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని తిరిగేవాళ్లు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, ఫోనులో ఫుట్‌బాల్. అందులోనూ పెనాల్టీలు. ఒకడు బంతి కొడతాడు, ఇంకొకడు గోల్ ముందు నిలబడి ఎడమకో కుడికో దూకి ఆపాలి. అంతే ఆట. అంత చిన్న ఆటకి రెండు ఊళ్ల కుర్రాళ్లనూ పోగేసి, ఏటా ఎండాకాలంలో టోర్నమెంటు పెట్టుకునేవాళ్లు.

పోయిన ఏడు ఫైనల్లో గుడియాత్తంలో నెట్ మొరాయించింది. లోకేశ్ గోల్‌కీపర్ పొలంలో దిష్టిబొమ్మలా కదలకుండా నిలబడిపోయాడు. ప్రభు గోల్ మీద గోల్ కొట్టాడు. కొట్టినవాడు ఊరుకున్నాడా? ఆ వీడియో కుటుంబం గ్రూపులో పెట్టి, "మా బావ ధ్యానంలో ఉండాడు, ఎవురూ లేపొద్దండి" అని రాశాడు. లోకేశ్ ఆ నిమిషమే గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

కుర్రాళ్ల గొడవ, చల్లారుతుందిలే అనుకున్నాను. చల్లారలేదు. ఈలోగా మా పాపకి చెవులు కుట్టించే సమయం వచ్చింది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టకుండా ఆ పని చేసేదెలా? తమ్ముడికి ఫోన్ చేశాను.

"నేను రానుక్కా," అన్నాడు.

"నీ మేనకోడలు చెవులురా, ప్రభువి కాదు!"

"తెలుసుక్కా. ముందు నాయంగా ఒక టోర్నమెంటు పెట్టించు. మీకు ఇంట్లో వైరు నెట్టు ఉండాది. మాకు మిద్దెక్కితేగానీ సిగ్నల్ రాదు. ఇది ఆటనా? మీవోడు బస్సులో వచ్చినట్టు, నేను నడిచొచ్చినట్టు ఉండాది. నాయంగా ఆడి ఓడితే నేనే వచ్చి కూర్చుంటా."

"మధ్యలో లత్తేరిలో కలుసుకుని ఆడరాదా?"

"ఆన్‌లైన్ ఆటకి రైలెక్కి పోతారా యాడన్నా?"

ఇటు చూస్తే ప్రభు. "ఓడిపోయినోళ్లందురూ నెట్టునే తిడతారు వదినా," అన్నాడు.

ముందు మెట్టిల్లు, వెనక పుట్టిల్లు. నేను ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్ళకి కోపం. అప్పుడే పంతం పట్టాను. పాలారులో నీళ్లు వచ్చినా రాకపోయినా, ఈ టోర్నమెంటులో మాత్రం న్యాయం పారి తీరాలి. నేనేమీ మామూలు మనిషిని కాదు కదా! పిల్లలకి కంప్యూటర్ క్లాసులు చెబుతాను. అరకొర చదువుకి మైకు తోడైతే ఏమవుతుందో నాకప్పటికింకా తెలియదు.

వారం రోజులు ఆ ఆటలోని సెట్టింగులన్నీ తిరగేశాను. అన్నం మాడింది. మా ఆయన మాడిన అన్నమే తిని, "బాగుండాది" అన్నాడు, పాపం. చివరికి దొరికింది. ఆ ఆటలో మనమే ఒక గది తెరిచి, ఆడేవాళ్లందరికీ ఒకే ఆలస్యం పెట్టొచ్చు. గుడియాత్తం మిద్దె మీద బొమ్మ ఎంత ఆలస్యంగా వస్తుందో, వేలూరు ఫోన్లలోనూ అంతే ఆలస్యంగా వస్తుంది. తన తెర మీద బంతి కదలగానే ఆటగాడు నొక్కితే, ఆట దాన్ని సమయానికి నొక్కినట్టే లెక్క వేసుకుంటుంది. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. నేను ఆ విషాన్ని అందరికీ ఒకే కొలత గ్లాసులో పోశాను.

మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఒక ప్రశ్న అడిగాడు. "మరి నీ స్క్రీనుకి?"

"నాకెందుకు ఆలస్యం? నేను ఆడతా ఉండానా? నేను అంపైరు. జరిగింది జరిగినట్టు ముందు నాకే తెలియాల."

ఆ మాట ఎంత గర్వంగా అన్నానో! ఇప్పుడు తలచుకుంటే ఆ ఇస్త్రీపెట్టె నా నోటి మీద పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ముహూర్తం పెట్టాను. ఊరంతా తిని పడుకునే వేళ, నెట్ ఖాళీగా ఉంటుందని నా తెలివి. మా హాల్లో ప్రభు, వాడి స్నేహితులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. సోఫాలో అత్త. గుడియాత్తంలో మా మిద్దె మీద లోకేశ్, వాడి జట్టు, వాళ్లకి మజ్జిగ అందిస్తూ మా అమ్మ. రెండు చోట్లా వినపడేలా మామూలు ఫోన్ కాల్ కలిపి స్పీకర్లో పెట్టాను. నా చేతిలో పాప పుట్టినరోజుకి కొన్న పాటల మైకు. నేను వేగంగా మాట్లాడతానని ఇంట్లో పేరుంది. పెళ్లిచూపుల్లో మా ఆయన ఒక ప్రశ్న అడిగేలోపు మూడు జవాబులు చెప్పానట.

మొదటి ఆటలో నిదానంగానే ఉన్నాను. "బంతి గోల్లోకి పోయినాదండీ!" అని జరిగాక చెప్పాను. రెండో ఆటకి ఊపు వచ్చింది. మూడో ఆటకి బంతి కాలికి తగిలీ తగలకముందే "ఎడమ!" "కుడి!" అని కేకలు పెట్టడం మొదలుపెట్టాను.

అప్పుడొక వింత జరిగింది. గోల్‌కీపర్లందరూ పులులైపోయారు. ఎడమకి కొడితే ఎడమకి దూకుతున్నారు, కుడికి కొడితే కుడికి. ఒక్క బంతీ లోపలికి పోదు! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూసినావా అత్తా, నాయంగా ఆడనిస్తే పిల్లోళ్లలో ఎంత సత్తా ఉండాదో!"

అత్త విసనకర్ర ఊపుకుంటూ, "అవునే, నువ్వు ఎంత అరిస్తే అంత బాగా ఆడతా ఉండారు," అంది.

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. ఇంకా గట్టిగా అరిచాను.

ఎవరూ గోల్ కొట్టలేకపోతే ఎవరు గెలిచినట్టు? చీటీలు వేసి గెలుపు తేల్చుకుంటూ, పడుతూ లేస్తూ ఫైనల్‌కి వచ్చాం. ప్రభు, లోకేశ్. మైకు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. పాప చెవుల భవిష్యత్తు మొత్తం ఈ ఆట మీదే ఉంది మరి.

ప్రభు కొట్టాడు. "ఎడమ!" అన్నాను. లోకేశ్ ఆపాడు. లోకేశ్ కొట్టాడు. "కుడి!" అన్నాను. ప్రభు ఆపాడు. ఎడమ, ఆపాడు. కుడి, ఆపాడు. మధ్యన, అదీ ఆపాడు! పోయిన ఏడు దిష్టిబొమ్మలా నిలబడ్డ నా తమ్ముడు ఈ ఏడు చిరుతలా దూకుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. మైకులో ఉపన్యాసమే మొదలుపెట్టాను. "ఇదప్పా నాయం అంటే! వేలూరైతే ఏమి, గుడియాత్తమైతే ఏమి, అందురికీ ఒకటే ఆలస్యం, ఒకటే అవకాశం..."

ఆ ఉపన్యాసం మధ్యలో, స్పీకర్లోంచి మా అమ్మ గొంతు ఖంగుమని వినిపించింది.

"ఒరే లోకేశా, ఇంత ఎండలో ఫోను యాడ కనపడతా ఉండాదిరా నీకు? ఉండు, గొడుగు పడతా."

వెంటనే నా తమ్ముడు, తన మాట మాకు వినపడుతుందన్న సంగతే మరిచిపోయి, "గొడుగొద్దులేమ్మా, సుమ్మా ఊరకుండు! స్క్రీను కనపడక శానాసేపయింది. అక్క చెప్తా ఉండాది కదా, అది ఎడమంటే ఎడమ నొక్కతా ఉండా, కుడంటే కుడి!" అన్నాడు.



మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకే ఆలస్యంగా అర్థమైంది. ఆటగాళ్ల తెర మీద బంతి కదలకముందే నా తెర మీద కదులుతోంది. అది చూసి నేను కూస్తున్నాను. నా కూత విని వాళ్లు దూకుతున్నారు. గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ, గోల్‌కీపర్లకి కూడా ఉంటాయని ఆ రోజే తెలిసింది.

"రే ప్రభూ! విన్నావా మీ బావ మోసం?" అని గర్జించి మరిది వైపు తిరిగాను.

ప్రభు ఫోను వైపు చూడటం లేదు. నా నోటి వైపే చూస్తున్నాడు. ఎంత సేపట్నించి చూస్తున్నాడో గానీ, నా పెదవి కదలగానే వాడి బొటనవేలు దానంతటదే కదిలింది.

"నువ్వు కూడానా?"

"సారీ వదినా," అని నసిగాడు. "నువ్వు 'ఎ' అనేటప్పుడే తెలిసిపోతా ఉండాది. నోరు పక్కకి పోతాది కదా!"

స్పీకర్లోంచి లోకేశ్ పగలబడి నవ్వాడు. "నీకూ తెలిసిపోయినాదా బావా? నేనొకడే అనుకుంటినే!" ప్రభు కూడా నవ్వు మొదలుపెట్టాడు. ఏడాదిగా మాట్లాడుకోని ఇద్దరూ, నన్ను అడ్డం పెట్టుకుని ఊపిరాడకుండా నవ్వుకున్నారు. ప్రభు ఫోను దగ్గరికి జరిగి, "బావా, పోయిన ఏడు ఆ వీడియో పెట్టింది తప్పప్పా. మనసులో పెట్టుకోవద్దు. చెవులు కుట్టేదానికి వచ్చేయ్," అన్నాడు.

"వస్తాలే. అక్కని మాత్రం మైకు పట్టుకోవద్దని చెప్పు."

నేను సోఫాలో కూలబడ్డాను. "అత్తా, నేను చేసిన నాయం చూడు, ఇట్లయిపాయె."

అత్త విసనకర్ర నా వైపు తిప్పింది. "ఏడవొద్దు తల్లీ. ఇద్దురికీ సమానంగానే చెప్పినావు కదా. నాయమే అది."

లోకేశ్ అన్న మాట ప్రకారం వచ్చాడు. పాపని ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. చెవులు కుట్టే ఆచారి సూది తియ్యగానే కళ్లు మూసుకుని పాపకంటే ముందు "అమ్మా!" అన్నది వాడే. భోజనాలయ్యాక చుట్టాలందరూ పట్టుబట్టారు, ఆ ఫైనల్ ఇప్పుడే తేలిపోవాలని. ఒకే హాలు, ఒకే నెట్టు, ఆలస్యం అన్న మాటే లేదు. నా నోట్లో మా అమ్మ ఒక పెద్ద లడ్డూ కుక్కింది. అది అరిగేదాకా నోరు విప్పకూడదని అందరి తీర్మానం.

లోకేశ్ కొట్టాడు, గోల్. ప్రభు కొట్టాడు, గోల్. ఎడమకి కొడితే కీపర్ కుడికి దూకుతాడు. కుడికి కొడితే ఎడమకి. మధ్యన కొడితే ఉన్నచోటు వదిలి పారిపోతాడు. గోల్, గోల్, గోల్. చుట్టాలు ఆవలింతలు మొదలుపెట్టారు. ఆచారి కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరు వీరుల్లో ఒక్కడూ ఒక్క బంతీ ఆపలేకపోయాడు.

చివరికి మా అత్తే తీర్పు చెప్పింది. "మీ ఇద్దురికీ ఆట రాదు కదరా! ఇన్ని దినాలూ ఆ నెట్టుని ఎందుకు తిట్టినారప్పా, పాపం?"

కాబట్టి పాఠకులారా, ఇంటి దీపం సాక్షిగా, ఇంకా నోట్లో మిగిలిన లడ్డూ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఆడేవాళ్ల ముందు మైకు పట్టను. ఎడమ, కుడి అనే మాటలు ఆటో డ్రైవర్లకి తప్ప ఎవరికీ చెప్పను. వాళ్లకైనా, మలుపు దాటిపోయాకే చెబుతాను.