గేటు తాళం, గోరుచుట్టు

మొన్న కోడలు బలవంతాన గోళ్ళకు రంగు వేసే దుకాణానికి తీసుకెళితే, అక్కడి పిల్ల నా వేళ్ళు తిప్పి తిప్పి చూసి, ఈ వయసులో గోళ్ళు ఇంత గట్టిగా ఎలా ఉన్నాయని అడిగింది. కొబ్బరినూనె అని చెప్పి ఊరుకున్నాను గానీ, ఒకప్పుడు ఈ వేళ్ళకు గోళ్ళే ఉండేవి కావంటే ఆ పిల్ల నమ్మేది కాదు.

ఇక్కడ, దక్షిణాఫ్రికాలో, వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళలో మావారికి డర్బన్‌లో లెక్కల మాస్టారుగా ఉద్యోగం దొరికింది. రెడ్‌హిల్‌లో చిన్న ఇల్లు. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపు ముందు ఇంకో ఇనుప తలుపు, దాని ముందు తాళం వేసిన గేటు. కాకినాడలో సైన్సు పాఠాలు చెప్పిన నాకు ఇక్కడ పనిచేసే అనుమతి లేదు. వీధిలో ఎవరినో దోచుకున్నారని విన్న నాడు, తాను వచ్చేదాకా గేటు తీయనని మావారు నాచేత ఒట్టు వేయించుకున్నారు. మధ్యాహ్నం బడి నుంచి ఫోను చేసి, ఉన్నావా అని అడిగేవారు. ఎక్కడికి పోతాను? దేశమంతా స్వేచ్ఛ వచ్చిందని సంబరపడుతున్న ఆ రోజుల్లో నేను చువ్వల వెనక నిలబడి, దిగువకు పోయే బస్సులను చూస్తూ గోళ్ళు కొరుక్కునేదాన్ని. గోరు అయిపోతే పక్కన చర్మం. చివరికి కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచి అన్నం కలుపుకోవడమే కష్టమైంది. ఆయనకు చెప్పలేదు, ఇండియాకు పంపేయమని అడగాలని మాత్రం నిశ్చయించుకున్నాను.

పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె పూర్వులు చెరకు తోటల్లో పనికని మన కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆదివారం చర్చికి వెళుతూ ఇంగ్లీషులో పలకరించేది గనక, ఆమెకు మన భాష రాదనే అనుకున్నాను. ఒకనాడు బట్టలారేస్తుంటే గోడ మీదుగా నా వేలు చూసింది.

“ఏంటే అమ్మీ, గోరు తినేస్తన్నావా? ఇంట్లో బువ్వ లేదా?”

అచ్చం మా తాతమ్మ మాట. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నిమ్మకాయ పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. ఒట్టు సంగతి చెబితే తల అడ్డంగా ఊపింది.

“ముసల్దాన్ని నేను, దొంగని కాదు. గేట్ తీయి. చెయ్యి చూడాల.”

తీశాను. తన వరండాలో కూర్చోబెట్టి, ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో వేలు ముంచి, నిమ్మకాయకు బొక్క పెట్టి తొడిగింది. అంతలో మా ఇంట్లో ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. కాసేపటికి మావారు ఎవరి కారులోనో పరుగున వచ్చి, తెరిచి ఉన్న గేటు చూసి పాలిపోయారు. ఆ పక్కింటి మామ్మ నా చెయ్యెత్తి చూపించింది.

“నువ్వు లాక్ ఏసినావు నాయనా. ఇది లోపల తన్ను తానే తినేస్తంది.”

ఆయన మెట్టు మీద కూర్చుని నా వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూశారు. ఆ పూట బడికి తిరిగి వెళ్ళలేదు. మర్నాడు ఒట్టు ఊసెత్తకుండా తాళంచెవి నా చేతిలో పెట్టారు. భయం మా ఇద్దరినీ వదలలేదు, కిటికీల చువ్వలూ పోలేదు. అయినా ఇండియా మాట ఇక ఎత్తలేదు. మామ్మ దగ్గరికి వెళ్ళి కూర్చునేదాన్ని. వేళ్ళకు నూనె మర్దన చేస్తూ, గోరు తిన్నగా కత్తిరించాలనీ, అంట్లు తోమేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలనీ, గుడ్డూ బీన్సూ తినాలనీ చెప్పేది. చెయ్యి నోటి దగ్గరికి పోతే తిట్టేది. వానలు పోయి చలి మొదలయ్యేసరికి గోళ్ళు నిండుగా వచ్చాయి.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత నాకు పనిచేసే అనుమతీ వచ్చింది, ఉద్యోగమూ చేశాను. మామ్మ మనవలు నన్ను ఆంటీ అంటారు, మంచి పిల్లలు, బువ్వ అన్న ముక్క తప్ప తెలుగు రాదు. ఇప్పుడు ఈ వీధిలో అందరూ నాకు మర్యాదగా గుడ్ మార్నింగ్ చెబుతారు. తెలుగులో తిట్టేవాళ్ళే ఎవరూ మిగల్లేదు.