కాకి దగ్గర నేర్చుకున్న నిజాయితీ

ఫ్యానుకి రిమోటు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. గోడకి స్విచ్ ఉండేది, నొక్కితే తిరిగేది. అందులో ఎవరికి ఏం కష్టమొచ్చిందో తెలియదు. ఇప్పుడు విశాఖ ఉక్కపోతలో, చెమటలు కక్కుతూ, సోఫా దిళ్ల కింద చేతులు పెట్టి రిమోటు వెతుక్కోవాలి. దొరికేసరికి కరెంటు పోతుంది.

ఈ గొడవ మీకెందుకంటే, నేను ఫ్యాను మీద కూడా కోపం తెచ్చుకోగల మనిషినని మీకు ముందే తెలియాలి. అది తెలిస్తే, ఒక కాకినీ కొన్ని ఇనపతీగ హ్యాంగర్లనీ పెట్టుకుని కూర్మన్నపాలెంలోని మా అపార్ట్‌మెంటుని నేనెలా తగలబెట్టానో సులువుగా బోధపడుతుంది. తగలబెట్టడమంటే అగ్గిపుల్లతో కాదు. అగ్గిపుల్లతో అయితే ఫైరింజన్ వచ్చి ఆర్పేసి వెళ్లిపోయేది.

పోయిన వేసవిలో డాక్టరు నా బీపీ చూసి, మిషన్ని అనుమానించి, ఇంకో మిషన్‌తో చూసి, చివరికి నన్నే అనుమానించాడు. “కోపం తగ్గించుకోండి. పొద్దున్నే కాసేపు చెట్టూ పిట్టా చూడండి” అన్నాడు. మా ఆవిడ పద్మ ఆ మాటని మందుల చీటీకంటే శ్రద్ధగా అమలు చేసింది.

“మేడ మీదకెళ్లండి. ఫోనిక్కడెట్టండి. కళ్లజోడు కూడా.”

“కళ్లజోడు ఏటి చేసింది?”

“అదుంటే ఏదో ఒకటి చదువుతారు. చదివితే తిడతారు.”

ఆ తర్కంలో నాకు లోపం కనబడలేదు. కళ్లజోడు తీసేశాక నాకు ఎందులోనూ లోపం కనబడదు.

మేడ పిట్టగోడకి ఆనుకుని ఒక బాదంచెట్టు ఉంది. దాని కొమ్మల్లో ఒక కాకి గూడు కడుతోంది. ముక్కున ఏదో కరుచుకు రావడం, కొమ్మల్లో దూర్చడం, మెడ వంచి చూసుకోవడం, మళ్లీ ఎగిరిపోవడం. కళ్లజోడు లేని నాకు కాకి ముక్కున ఉన్నదల్లా పుల్లే. నా గుండె వెన్నలా కరిగిపోయింది. ఎంత ఓర్పు! ఒకరిని అడగదు, ఒకరి సొత్తు ముట్టదు, తన రెక్కల కష్టం తనది! కిందకి దిగగానే ఫోను తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను: ‘నేటి కాకి పాఠం: శ్రమే సౌందర్యం.’ జనం చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాబోటివాడికి చప్పట్లు అలవాటు చెయ్యకూడదు. రెండు పూటలా పాఠం చెప్పడం మొదలెట్టాను.

సరిగ్గా అప్పుడే మేడ మీద దండెం నుంచి నా హ్యాంగర్లు మాయం కాసాగాయి. ఇస్త్రీ షాపువాళ్లు చొక్కాతోపాటు ఇచ్చే సన్నపాటి తీగ హ్యాంగర్లు. ఆరేసిన చొక్కా కింద ఉక్కు ఫ్యాక్టరీ నల్లధూళిలో దొర్లుతూ ఉంటుంది, హ్యాంగరు ఉండదు. మీరే చెప్పండి. దొంగ చొక్కా వదిలేసి హ్యాంగరు పట్టుకుపోయాడంటే దాన్ని దొంగతనం అంటారా, అవమానం అంటారా?

నేను పరిశోధన మొదలెట్టాను. అది మా పై ఫ్లాటు సూరిబాబు దగ్గర మొదలై, అక్కడే పూర్తయింది. సూరిబాబు స్టీల్ ప్లాంటులో పని చేస్తాడు, అద్దెకుంటాడు, షిఫ్టు లేని సాయంత్రాలు నాతో టీ తాగుతాడు. నా కోపాన్ని వానగా భావించి గొడుగు లేకుండా నిలబడగలిగిన మనిషి నాకు ఈ ఊళ్లో అతనొక్కడే. ఆ రోజు మేడ మీద కటింగ్ ప్లేయరు పట్టుకుని చిక్కుడు పందిరికి తీగ చుడుతున్నాడు. తీగ తళతళా మెరుస్తోంది.

“ఏటి బావా, ఈ తీగెక్కడిది?”

“పూర్ణా మార్కెట్‌లో కొన్నాను. ఏటి?”

“కొన్నావా?”

“కొనకపోతే ఆకాశంలోంచి పడతాదేటి?”

“నా హ్యాంగర్లు పోతన్నాయి.”

“పోతే?”

“నీ పందిరి పెరుగుతోంది.”

సూరిబాబు ప్లేయరు కింద పెట్టాడు. “బావా, అడుగుతన్నావా, అంటన్నావా?”

“అంటన్నాను.”

ఇక్కడ ఆగిపోయి ఉంటే ఇది మీకు చెప్పుకునేంత విషయం కాకపోను. కానీ సాయంత్రం పాఠం టైమయింది. ‘నేటి కాకి పాఠం: కాకి తన గూటికి పుల్లలు తానే తెచ్చుకుంటుంది. కొందరు పక్కవాడి హ్యాంగర్లతో చిక్కుళ్లు పండిస్తారు.’ పేరు రాయలేదు, నేను మర్యాదస్థుణ్ని. అపార్ట్‌మెంటు మొత్తానికి చిక్కుడు పందిరి ఒక్కటే కాబట్టి రాయాల్సిన అవసరమూ రాలేదు.

ఆ పాఠానికి వచ్చినన్ని చప్పట్లు ఇంకే పాఠానికీ రాలేదు.

మర్నాటినుంచి సూరిబాబు మెట్లెక్కుతుంటే జనం దండేల మీద బట్టలు లెక్కపెట్టుకోసాగారు. వాళ్లావిడ మేడ మీదకి రావడమే మానేసింది. కొద్దిరోజులకి తెలిసింది, దువ్వాడలో ఇల్లు చూసుకున్నాడని. ఆదివారం పొద్దున్న కింద సామాన్ల వ్యాను ఆగింది.

“వెళ్లి ఒక్క మంచి మాట చెప్పండి” అంది పద్మ.

చెబుదామనే లేచాను. చివరి పాఠం ఒకటి బాకీ ఉండిపోయింది కదా! పేపరు చదువుతూ లేచాను కాబట్టి కళ్లజోడు జేబులోకి వచ్చింది.

సూరిబాబు మేడ మీద పందిరి విప్పుకుంటున్నాడు.

“బావా, ఎల్లేముందు ఆ కాకిని సూడు. ఒకడి సొత్తు ముట్టుకుంటాదా?”

సూరిబాబు చెట్టుకేసి చూశాడు. చాలాసేపే చూశాడు.

“కళ్లజోడెట్టుకో.”

“ఎందుకు?”

“ఎట్టుకోరా బాబూ!”

పెట్టుకున్నాను. గూడంతా ఇనుమే. ఉక్కునగరం కాకి కదా, పుల్లలతో కట్టుకోవడం నామోషీ అనుకుందేమో. స్లాబు పోసేముందు కట్టిన ఊచల్లా నా హ్యాంగర్లన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. ఒక కొక్కేనికి నా ఫ్లాటు నంబరు రాసిన ఇస్త్రీ షాపు చీటీ ఇంకా రెపరెపలాడుతోంది. నడిమధ్యన కాకి, సొంతిల్లు కట్టుకున్న సివిల్ ఇంజనీరులా కూర్చుని నావంక చూస్తోంది.

నాకు సిగ్గు రావాల్సింది. అలవాటు కొద్దీ కోపమే వచ్చింది.

“ఒసే దొంగ కాకీ! నీ గురించి ఊరంతా ఎన్ని పాఠాలు చెప్పానే!” అని పందిరి కర్ర లాక్కుని గూడు మీదకెత్తాను. కాకి లేచి వచ్చి నా బట్టతల మీద ఠంగుమని ఒకటిచ్చింది. అది నేరుగా చెప్పిన మొదటి పాఠం. రెండోది చెప్పేలోపే సూరిబాబు కర్ర పట్టేసుకున్నాడు.

“ఆపు. గుడ్లెట్టింది.”

కింద వ్యానువాడు హారన్ కొట్టాడు.

“బావా, సామాను దించించేద్దాం. గ్రూపులో ఇప్పుడే రాసేత్తాను, దొంగ కాకేనని.”

సూరిబాబు నా చేతిలోంచి కర్ర లాక్కున్నాడు. అతన్ని నవ్వించడం నాకు బాగా వచ్చిన పని. అందుకని తల నిమురుకుంటూ వాటర్ ట్యాంకు మీద చెయ్యి వేశాను.

“ఈ ట్యాంకు సాక్షిగా చెప్తన్నాను బావా. ఇకమీదట నాను ఏ పిట్ట దగ్గరా, ఏ చెట్టు దగ్గరా పాఠం నేర్సుకోను. పొరపాట్న నేర్సుకున్నా ఇంకొకడికి చెప్పను. సూర్యోదయం ఎదురొత్తే తలుపేసుకుంటాను.”

ఇలాంటి వాటికి అందరికంటే ముందు నవ్వేది సూరిబాబే. కర్ర తీసుకెళ్లి గోడకి ఆనించాడు. చేతికంటిన దుమ్ము లుంగీకి తుడుచుకున్నాడు.

“అది పిల్లల కోసం ఎత్తుకెళ్లింది బావా. నువ్వు నన్ను దొంగని సేసింది దేనికోసం?”