గొంగడి జ్వరం

2022 వానాకాలంలో నన్ను కీమో డే కేర్ విభాగానికి హెడ్ నర్సుగా వేశారు. పాలమూరు ప్రాంతంలోని ఆ దవాఖాన పేరు ఇక్కడ అనవసరం. పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే క్యాన్సర్ రోగులు మావాళ్లు. ఆ ఏడే వాళ్ల చేతికి కట్టే పట్టీలు వచ్చాయి. ఒక్కో పట్టీ చూడ్డానికి చేతిగడియారంలా ఉంటుంది. నాడిని, ఒంటి వేడిని కొలిచి రోగి సెల్‌ఫోను ద్వారా మా కంప్యూటరుకు పంపుతుంది. హద్దు దాటితే రెండు చోట్లా అలారం మోగుతుంది. కీమో తర్వాత నెత్తుట్లో తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరమొస్తే గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకని మోగగానే నర్సు ఫోన్ చేయాలి, జ్వరం నిజమైతే వెంటనే రప్పించాలి. ఇదీ పద్ధతి.

మక్తల్ దగ్గరి ఒక ఊరి గొర్లకాపరి బీరయ్యకు పెద్దపేగు క్యాన్సర్. మందతోపాటు చేన్లలోనే పడుకునే మనిషి. చికిత్స నడుస్తున్నా మందను వదల్లేదు. భార్య మల్లమ్మ వెంట ఉండేది. అతని పట్టీ రోజూ పొద్దుగూకే వేళకు మోగేది. ఫోన్ చేస్తే "నాకేం గాలే మేడం, మంచిగనే ఉన్న" అనేవాడు. కొన్నాళ్లకు సంగతి బయటపడింది. చినుకు పడగానే గొంగడి కప్పుకుంటాడు. ఆ ఉన్ని కింద చెయ్యి వేడెక్కితే పట్టీ దాన్ని జ్వరమనుకుంటుంది.

మేం విరగబడి నవ్వుకున్నాం. దానికి గొంగడి జ్వరమని పేరు పెట్టింది నేనే. పట్టీ ఉన్నన్ని రోజులు గొంగడి ముట్టొద్దని అతనికి గట్టిగా చెప్పిందీ నేనే. వానలో మంద దగ్గర ఉండేవాడు మరింకేం కప్పుకోవాలన్నది నాకు తోచనే లేదు.

మూడో విడత మందు ఎక్కించిన తర్వాతి వారం, ఒక సాయంత్రం పట్టీ మళ్లీ మోగింది. డ్యూటీ నర్సు ఫోన్ అందుకోబోతే నేను ఆపాను. చెప్పినా వినక మళ్లీ గొంగడి కప్పుకుని ఉంటాడన్నాను. ఈసారి నాడి కూడా ఎక్కువుందని ఆమె అంటే, గొర్ల వెంట ఉరికి ఉంటాడన్నాను. ఎన్నో ఏళ్ల సర్వీసున్న మనిషిని కదా, నా దగ్గర జవాబులకు కొదవ లేదు. అలారం ఆపేసి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున బీరయ్యను ఆటోలో తీసుకొచ్చారు. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. బీపీ పడిపోయింది. నెత్తురు పరీక్షకు తీసి, సెలైను, యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఐసీయూకు పంపించాం. వచ్చినప్పుడు అతని మీద కప్పింది ఒక పల్చటి టువ్వాలే. ఇంత చలిజ్వరంలో కప్పకుండా ఎట్లా తెచ్చావని మల్లమ్మను గదమాయించాను.

"మీరే వద్దంటిరి గద మేడం," అంది. "నిన్న మాపటికెల్లి గజగజ వణుకుతాండు. గొంగడి కప్పుతనంటే వద్దన్నడు. కప్పుకుంటే మిషన్ తప్పు జెప్తదట, మీకు ఊకె తక్లీఫ్ అయితదట. అది మోగినంక మీరు ఫోన్ జేస్తరని సూసినం. చెయ్యలే. ఇగ ఫికర్ లేదేమో అనుకున్నం."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అలారం ఆపింది నేనేనని ఆ గంటలోనే డాక్టరుకు చెప్పాను. చెప్పినంత మాత్రాన బరువేం తగ్గలేదు.

బీరయ్య బతికాడు. వార్డుకు మార్చిన రోజు వెళ్లి తప్పు నాదేనన్నాను. అతనికి అర్థమైందో లేదో గాని, "మీ పుణ్యాన బతికిన మేడం" అని రెండు చేతులూ జోడించాడు. తిట్టినా బాగుండేది. ఆ దండానికి నేను తగనని నాకు తెలుసు. ఇప్పటికీ అది తలుచుకుంటే మొహం మాడిపోతుంది.

ఆ తర్వాత మా పద్ధతిలో ఒక మాట చేర్పించాను. కారణం తెలిసినట్టే అనిపించినా సరే, మోగిన ప్రతిసారీ ఫోన్ చేయాలి, చలి పెడుతోందా అని అడగాలి. పట్టీ పొరపడితే ఒక ఫోన్‌తో సర్దుకోవచ్చు. మేం ఫోన్ చేయకపోతే మాత్రం, ఏం కాలేదని మేం చెప్పినట్టే రోగి అనుకుంటాడు.